మా పాప చేతుల్ని చూసిన క్లినిక్

మా పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలు. మొదట చూపించిన చోట ఆటిజాన్ని అంచనా వేసే 40 అంశాల భారతీయ కొలమానం ఐఎస్‌ఏఏ పత్రం నింపి, మార్కులు 70 దాటాయి కాబట్టి ఆటిజం అని అరగంటలో తేల్చేశారు. మనసు ఒప్పుకోక సికింద్రాబాద్‌లోని ఈ పిల్లల ఎదుగుదల క్లినిక్‌కు వెళ్లాం.

ఇక్కడ డాక్టరుగారు ముందుగా అడిగినవి టీకాల కార్డు, పాత వీడియోలు. మా మరిది పెళ్లి వీడియోలో పద్నాలుగు నెలల పాప జంతిక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంటోంది. "మళ్లీ వేయండమ్మా" అంటూ ఆమె దాన్ని నాలుగుసార్లు చూశారు. ఇప్పుడు మా పాప ఏదీ పట్టుకోదు. రెండు చేతులూ ఛాతీ దగ్గర చేర్చి, సబ్బు రుద్దుకుంటున్నట్టు నలుపుతూనే ఉంటుంది. అత్తయ్యగారు అది ఆట అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత తల చుట్టుకొలత తీసి కార్డులోని పాత కొలతలతో పోల్చారు. పెరుగుదల మందగించింది.

"ఆ పత్రం తీవ్రతను కొలుస్తుంది, కారణం చెప్పదమ్మా" అన్నారు. ఆటిజంలోనూ వచ్చిన మాటలు పోవచ్చు, చేతులు ఆడించడమూ ఉంటుంది. కానీ చేతి పట్టు పోయి, తల పెరుగుదల తగ్గి, నడక తూలుతుంటే, అందులోనూ ఆడపిల్ల అయితే, మెదడు ఎదుగుదలను దెబ్బతీసే అరుదైన జన్యు సమస్య రెట్ సిండ్రోమ్‌ను అనుమానించాలట. కనీసం రెండేళ్లు మామూలుగా ఎదిగాక అన్నీ పోగొట్టుకునే మరో అరుదైన స్థితి ఉంది, మా పాపకు ఏడాదిన్నరకే మొదలైంది కాబట్టి అది కాదన్నారు. ఒకప్పుడు ఈ రెండూ ఆటిజంతోనూ, మాటలు ఆలస్యం కాని ఆటిజం లాంటి ఆస్పర్గర్‌తోనూ ఒకే వర్గంలో ఉండేవి. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం రెట్‌ను పక్కన పెట్టి, మిగతావాటిని ఆటిజం స్పెక్ట్రమ్‌గా కలిపింది. రెట్‌కు మూలమైన ఎంఈసీపీ2 జన్యువు సంగతి 1999లోనే బయటపడింది. మా పాప రక్తపరీక్షలో తేడా కనిపించింది ఆ జన్యువులోనే.

ఆ రిపోర్టు చేతిలో పెట్టి పంపేయలేదు. మూర్ఛ వస్తే ఏం చేయాలో, ఊపిరి బిగపడితే ఎలా గమనించాలో, వెన్ను వంకరపోకుండా ఎప్పుడెప్పుడు చూపించాలో గంటసేపు చెప్పారు. రెండు బొమ్మలు చూపించి, పాప కళ్లతో ఒకటి ఎంచుకునేలా అలవాటు చేయిస్తున్నారు. మొదటి చోటే ఆగిపోయి ఉంటే ఇవేవీ మాకు తెలిసేవి కావు.

లోటు లేకపోలేదు. అపాయింట్‌మెంటుకు ఐదు వారాలు పట్టింది. రిపోర్టు ఇంగ్లీషులోనే ఇస్తారు. అత్తయ్యగారి కోసం అడిగితే డాక్టరుగారే తెలుగులో అరపేజీ రాసిచ్చారు. వెళ్లేవారు ఫోనులోని పాత వీడియోలు చెరిపేయకుండా తీసుకెళ్లండి, టీకాల కార్డు మరచిపోకండి.