జాగ్రత్త: ఫ్లాపీల్లో డేటా తీసిస్తామంటే నమ్మి ఇవ్వకండి. మావి పదకొండూ ఫార్మాట్ చేసి చేతిలో పెట్టారు

రాత్రి రెండయింది. నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నా. అక్షర దోషాలుంటే సర్దుకోండి.

షాపు పేరు రాయను. రాస్తే ఉల్టా నా మీదే కేసు పెట్టేలా ఉన్నాడు ఆ మహానుభావుడు. హైదరాబాద్‌లో పాత డిస్కుల్లోంచి డేటా ఎవరు తీస్తారని ఎవరినడిగినా మొదట ఒకే పేరు చెబుతారు చూడండి, వాళ్లే. "వంద శాతం రికవరీ, లేదంటే డబ్బు వాపస్" వాళ్లే. ఈ పాటికి మీలో సగం మందికి అర్థమై ఉంటుంది.

సంగతి క్లుప్తంగా చెప్తా. బందరులో మా నాన్నది డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఇవే పని. రాత్రిళ్లు షాపు కట్టేశాక మా తాతయ్యని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చెప్పేది టైపు చేసేవాడు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ ఉప్పెనలో తాతయ్య తాటిచెట్టు కరుచుకుని బతికిన మనిషి. ఎవరెవరు ఏ ఇంట్లో ఉన్నారు, తెల్లారాక ఎవరు మిగిలారు, శవాలని ఎక్కడ పూడ్చారు, పేర్లతో సహా చెప్పేవాడట. 1998 నుంచి 2000 దాకా సాగింది. అంతా పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి ఫ్లాపీల్లో, అంటే అప్పట్లో కంప్యూటర్ ఫైళ్లు పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ డిస్కుల్లో, దాచాడు నాన్న. తాతయ్య 2001లో పోయాడు. నోట్సు రాసుకున్న పుస్తకాలు చెదలకి పోయాయి. ఫ్లాపీలు మిగిలాయి. మొత్తం పన్నెండు, హార్లిక్స్ డబ్బాలో. పదకొండు నాన్నవి. ఒకటి ఫాంట్ల కంపెనీ వాళ్లిచ్చిన డిస్కు. ఈ ఒక్కదాన్ని గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

డిస్కుకి ఆరు వందలు. పన్నెండుకి ఏడు వేల రెండు వందలు, సగం అడ్వాన్సు. ఫాంట్ల డిస్కు అక్కర్లేదు మొర్రో అన్నా లెక్కలో కలిపేశాడు. "సెట్ కదా సార్" అట. డిన్నర్ సెట్ అనుకున్నాడేమో. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె వేసి ఇచ్చాడు. అక్కడే లేచి రావాల్సింది. పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉండి, ఆఫీసులో పిల్లలకి బ్యాకప్ గురించి క్లాసులు పీకే నేను, ఒక్క కాపీ కూడా లేని డిస్కుల్ని అడ్వాన్సు కట్టి మరీ ఇచ్చి వచ్చా. చెప్పుకుంటే సిగ్గుచేటు.

చేసిన మంచి పని ఒక్కటే. కౌంటర్ మీద పన్నెండు డిస్కులూ పేర్చి ఫోన్‌లో ఫొటో తీశా. అనుమానంతో కాదు, పార్సిల్ ఇచ్చేటప్పుడు తీసే అలవాటు, అంతే.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది: "సార్, ఖాళీగ ఉన్నయి, తీస్కపోండ్రి." గుండె జారిపోయింది. పాతికేళ్ల నాటి డిస్కులు, బందరు గాలిలో ఉప్పు, బూజు పట్టి పోయి ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వెళ్లా. కవర్లోంచి తీసి కౌంటర్ మీద వరసగా పెట్టాడు. అప్పుడు చూశా.

3.5 అంగుళాల ఫ్లాపీని వెనక్కి తిప్పితే కింది మూలల్లో రెండు చదరపు కన్నాలుంటాయి. ఒకటి ఇది 1.44 ఎంబీ డిస్కు అని డ్రైవ్‌కి తెలియడానికి, దానికి మూత ఉండదు. రెండోదానికి గోటితో జరిపే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. కన్నం తెరిచి ఉంటే డిస్కుని చదవడం వరకే, దాని మీద రాయడం కుదరదు. మూస్తే రాయొచ్చు, చెరపొచ్చు. మా నాన్న దాన్ని కిటికీ అనేవాడు. ఫైల్ సేవ్ అయి డిస్కు బయటికి రాగానే "కిటికీ తీశావా?" అని అడగడం ఆయనకి ఊతపదం. ఆయన చేతుల్లోంచి కిటికీ మూసిన డిస్కు డబ్బాలోకి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

కౌంటర్ మీద పదకొండు కిటికీలూ మూసి ఉన్నాయి.

ఫోన్ తీసి ఫొటో పెద్దది చేసి చూశా. పన్నెండింటికీ రెండేసి కన్నాలు, కింద ఉన్న ఎర్ర సన్‌మైకా కనిపిస్తోంది. ఇప్పుడు పదకొండింటికి ఒక్కో కన్నమే. రెండోచోట నల్ల ప్లాస్టిక్.

"ఇవి ఎవరు మూశారండీ?"

"ఏవి?"

చూపించా. ఆయన ఫోన్ వైపు చూడనైనా చూడలేదు. టీ గ్లాసు ఆ వరసలోనే, సరిగ్గా ఒక డిస్కు మీద పెట్టాడు. పెట్టి, నవ్వుతూ, "సార్, ఫ్లాపీల ఏముంటది? ఇప్పటి ఫోన్ ఫొటో ఒక్కటి గూడ పట్టదు అందుల. ఖాళీ డిస్కులు తెచ్చి లొల్లి చేస్తరేంది? మిగతా బాకీ కట్టి తీస్కపోండ్రి" అన్నాడు.

ఆ టీ గ్లాసు గుండ్రటి మరక ఇప్పటికీ లేబుల్ మీద ఉంది. నాన్న చేతిరాతతో "ఉప్పెన 4" అని రాసిన లేబుల్. డేటా పోయినందుకు ఎంత బాధపడ్డానో, ఆ గ్లాసుకి అంత ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది.

అయ్యా, ఫొటో పట్టదు, నిజమే. నాన్న వాడిన పాత ఫాంట్లలో అక్షరాలు మాత్రమే దాస్తే ఆరేడు వందల పేజీల తెలుగు పడుతుంది ఒక్క డిస్కులో. ఫొటో పట్టని డిస్కులో ఊరు ఊరంతా పట్టింది.

గొంతు పెంచా. అప్పుడు వెనక కూర్చున్న కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, అమాయకంగా నోరు జారాడు: "అన్నా, ఏ డిస్క్ పెట్టినా ఫార్మాట్ చేయమనే వచ్చింది. క్విక్ ఫార్మాట్ గాలేదు, ఫుల్ పెడితే అయింది. తర్వాత సాఫ్ట్‌వేర్ పెట్టిన, ఏం రాలే."

ఓనర్ వాడి వైపు చూసిన చూపు నాకు చాలు.

పెన్ డ్రైవ్‌లకి వాళ్లు చేసే పద్ధతి ఇదన్నమాట. చదవకపోతే క్విక్ ఫార్మాట్ కొట్టి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగడం. అసలు దానికే ఆ పని చేయకూడదు, అది వేరే సంగతి. ఫ్లాపీ లెక్క వేరు. 1.44 ఎంబీ డిస్కులో 2,880 సెక్టార్లు, అంటే డేటా దాచే చిన్న గదుల్లాంటివి ఉంటాయి, ఒక్కోటి 512 బైట్లు. క్విక్ ఫార్మాట్ చెరిపేది మొదట్లో ఉన్న 33 సెక్టార్లు, అంటే విషయసూచిక లాంటిది. పుస్తకం అలాగే ఉంటుంది. ఫుల్ ఫార్మాట్ అలా కాదు, ట్రాక్ ట్రాక్‌నీ, అంటే డిస్కు మీది ప్రతి వలయాన్నీ, కొత్తగా రాసేస్తుంది. డిస్కుకి నిమిషంన్నర, రెండు నిమిషాలు పడుతుంది. పదకొండు డిస్కులు. అంటే పదకొండు కిటికీలు గోటితో ఒక్కొక్కటీ మూసి, ఇరవై నిమిషాలు ఓపిగ్గా కూర్చుని మా తాతయ్య మాటలు చెరిపాడు. దానికి ఆరు వందల చొప్పున ఛార్జి.

పోనీ తెలియక మూశాడేమో అని కూడా ఆలోచించా. అంతకు ముందటి 5.25 అంగుళాల పెద్ద ఫ్లాపీల్లో తిరగబడి ఉండేది, పక్కనున్న గాటు మీద స్టిక్కర్ అతికిస్తేనే రక్షణ. మూస్తే భద్రం అనుకున్నాడా? ఆ కుర్రాడు పుట్టేనాటికి ఆ డిస్కులు చెత్తబుట్టలోకి పోయాయి. కాదు. "రైట్ ప్రొటెక్టెడ్" అని వచ్చి ఉంటుంది, అడ్డొస్తోందని మూశాడు. తాళం వేసుంది కదా అని బద్దలు కొట్టినట్టు.

ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తెప్పించా. పందొమ్మిది వందలు. ఈ పని ముందే చేసి ఉంటే? అడక్కండి. మా ఆవిడ ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది.

డిస్కు పెట్టా. ఖాళీ స్థలం 14,57,664 బైట్లు. రెండోది: 14,57,664. మూడోది కూడా. ఒక్క ఫైలూ లేని కొత్త ఫ్లాపీకి చూపించే అంకె అది. లోపలి బైట్లు చూసే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే స్క్రీన్ నిండా ఎఫ్6, ఎఫ్6, ఎఫ్6. ఫార్మాట్ చేసినప్పుడు ఖాళీ జాగా అంతా నింపే విలువ అది. కిందికి జరుపుతూ పోయా. ఇంకా ఎఫ్6. బూజు వల్ల పాడైన డిస్కు ఇలా ఉండదు, చదవలేక మధ్యలో ఎర్రర్లు ఇస్తుంది. ఇది శుభ్రంగా, ముగ్గు వేసినట్టు ఉంది.

ఇప్పుడు ఆ పన్నెండోది. ఫాంట్ల కంపెనీ డిస్కు. కంపెనీలు సాఫ్ట్‌వేర్ వేసి అమ్మే ఫ్లాపీల్లో చాలావాటికి జరిపే ముక్కే ఉండదు, కన్నం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దీనికీ లేదు. కాబట్టి మూయలేకపోయాడు. కాబట్టి చెరపలేకపోయాడు. పెట్టగానే ఫైళ్లన్నీ చకచకా వచ్చాయి, ఒక్క ఎర్రర్ లేదు. పన్నెండింటిలో నాకు అక్కర్లేనిది ఏదో అదొక్కటే బతికింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మరి నాన్నవి మాత్రం మొదట ఎందుకు చదవలేదు? జవాబు నాన్నకి ముందే తెలుసు. నేను షాపుకి వెళ్లే రోజు ఫోన్‌లో అన్నాడు: "మన డ్రైవ్ కొంచెం పక్కకి రాసేది రా. వేరే చోట చదివేది కాదు. మన డ్రైవే పట్టుకెళ్లు, అటక మీదుంది." ఫ్లాపీ డ్రైవ్‌లో డిస్కుని చదివే, రాసే హెడ్ కాస్త పక్కకి జరిగితే ట్రాకులు ఉండాల్సిన చోట కాకుండా అంచుకి పడతాయి. ఆ డ్రైవ్ వరకు అది రాసిందే అది చదువుకుంటుంది, ఇబ్బంది లేదు. వేరే డ్రైవ్‌కి అయోమయం. ఆ రోజుల్లో విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్‌కి ఫ్లాపీ పట్టుకెళ్తే ఓపెన్ కాక, నాన్న సీపీయూనే ఒళ్లో పెట్టుకుని బస్సెక్కిన రోజులు నాకు గుర్తే. మేం నవ్వేవాళ్లం.

నేనేమన్నానంటే, "ఇప్పుడు ఆ డొక్కు డ్రైవ్‌లెందుకు నాన్నా, వాళ్లు ప్రొఫెషనల్స్."

ప్రొఫెషనల్స్.

బెంగళూరులో ఉన్న ఫ్రెండ్ ఒకడికి ఈ పాత సామాను పిచ్చి. గ్రీజ్‌వీజిల్ అని చిన్న బోర్డు, దానికి పాత డ్రైవ్ తగిలించి, డిస్కు మీది అయస్కాంత గుర్తుల్ని ఉన్నవి ఉన్నట్టు కాపీ తీస్తాడు. చదవడమే, రాయడం ఉండదు. ముందే వాడికి పంపి ఉంటే నాన్న డ్రైవ్‌తోనే తీసేవాడట. ఇప్పుడేమంటాడంటే, నాన్న ట్రాకులు పక్కకి పడ్డాయి కాబట్టి కొత్తగా రాసిన ట్రాకు పక్కన పాతదాని అంచు ఏమైనా మిగిలిందేమో చూస్తానని. "ఆశ పెట్టుకోకురా" అని కూడా అన్నాడు. డిస్కులు, అటక మీది డ్రైవ్ రెండూ పంపిస్తున్నా.

జపాన్ ప్రభుత్వం ఆఫీసుల్లో ఫ్లాపీలు వాడాలనే నిబంధనల్ని 2024లో గానీ తీసేయలేదు. సోనీ 2011 దాకా అమ్మింది. మన దగ్గర మాత్రం "ఏముంటది సార్ అందుల".

మిగతా మూడు వేల ఆరు వందలు నేను కట్టలేదు. డిస్కులు లాక్కుని వచ్చేశా. అడ్వాన్సు అడిగితే "చెకింగ్ ఛార్జి" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా. తెల్ల కాగితం బిల్లుతో ఏమవుతుందో చూడాలి.

మీ ఇళ్లలో కూడా డబ్బాల్లో ఇవి ఉంటాయి కాబట్టి రెండు ముక్కలు. బయట ఎవరికైనా ఇచ్చే ముందు కిటికీలు తెరిచి, ఆ ముక్క జరగకుండా టేపు వేయండి, ఫొటో తీయండి. కన్నం మాత్రం మూయకండి, టేపు ఆ ప్లాస్టిక్ ముక్క మీదే పడాలి. "ఫార్మాట్ చేయాలా" అని కంప్యూటర్ అడిగితే ఎన్నిసార్లడిగినా వద్దనండి. ముందు డిస్కు మొత్తానికీ ఇమేజ్, అంటే ఉన్నది ఉన్నట్టు కాపీ, తీసి, ఆ కాపీ మీదే ఏ ప్రయోగమైనా చేస్తారా అని షాపువాణ్ణి అడగండి. ఇమేజ్ అంటే ఏంటని వాడు అడిగితే చెప్పులేసుకుని వచ్చేయండి. రాసిన పాత డ్రైవ్ ఇంట్లో ఉంటే పాత ఇనుముకి అమ్మకండి.

నాన్నకి ఇంకా చెప్పలేదు. నిన్న కూడా ఫోన్ చేసి "చదివిందా?" అన్నాడు. "చూస్తున్నారు నాన్నా" అన్నా. తాతయ్య పెద్ద దినం రోజు నాన్న మొదటి ముప్పై పేజీలు ప్రింటు తీసి, ఆకుపచ్చ అట్టతో పది కాపీలు బంధువులకి పంచిపెట్టాడు. నాగాయలంకలో పెద్దత్త వాళ్ల బీరువాలో ఒకటి ఉండాలట. శనివారం పొద్దున బస్సుకి వెళ్తున్నా. దివిసీమ వైపు ఎవరింట్లోనైనా ఆకుపచ్చ అట్ట, మీద "ఉప్పెన" అని పెద్దక్షరాలతో ఉన్న పుస్తకం కనిపిస్తే, దయచేసి పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి పంపండి.