కొత్త మొబైల్ ప్లాట్‌ఫామ్: ముందే దిగాలా, ఆగి చూడాలా?

గుంటూరు మిర్చి యార్డు ధరలు చూపించే యాప్ ఒకటి ఉందనుకుందాం. తేజ రకం ఎంత పలికింది, 334 రకం ఎంత, ఇవాళ ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, ఇంతే దాని పని. ఆండ్రాయిడ్‌లో బాగానే నడుస్తోంది. ఇంతలో ఏదో కంపెనీ కొత్త ఓఎస్‌తో, అంటే ఆండ్రాయిడ్‌లా ఫోన్‌ని నడిపించే కొత్త సాఫ్ట్‌వేర్‌తో, ఫోన్ తెస్తున్నామని ప్రకటిస్తుంది. విజయవాడలోనో గుంటూరులోనో నలుగురైదుగురితో నడిచే ఆఫీసుకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. మొదటి రోజే అందులో ఉండాలా, ఏడాది ఆగాలా?

ముందే దిగాలనేవాళ్ల దగ్గర గట్టి ఆధారమే ఉంది. 2008 జులైలో యాపిల్ యాప్ స్టోర్ తెరిచినప్పుడు అందులో ఉన్నవి 500 యాప్‌లు. తొలి వారాంతంలోనే కోటి డౌన్‌లోడ్‌లు జరిగాయి. ఐదొందల్లో ఒకటైతే ప్రకటనలకు పైసా పెట్టకపోయినా ఎవరో ఒకరి కంట పడతాం. లక్షల్లో ఒకటైతే పేరు కొట్టి వెతికినవాళ్లకు కూడా ఒక్కోసారి దొరకం.

అయితే ఈ ఉదాహరణ చెప్పేవాళ్లు ఒక సంగతి దాటేస్తుంటారు. స్టోర్ తెరిచేనాటికి ఐఫోన్ అమ్మకాలు మొదలై ఏడాది దాటింది. ఫోన్లు జనం చేతుల్లోకి వెళ్లాకే యాప్‌లు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ తెచ్చిన విండోస్ ఫోన్‌లో ఈ వరస తిరగబడింది. 2010లో విండోస్ ఫోన్ 7 వచ్చింది. 2012లో 8 తెస్తూ, పాత ఫోన్లకు అప్‌గ్రేడ్ లేదన్నారు. పాత యాప్ కొత్త ఫోన్లో నడిచేది, కొత్త సదుపాయాలతో రాసింది మాత్రం పాత ఫోన్లో నడిచేది కాదు. పెద్ద కంపెనీకి అది చిన్న చిరాకు. నలుగురున్న ఆఫీసుకి మాత్రం రెండు రకాల కోడ్, రెండుసార్లు టెస్టింగ్, అటూ ఇటూ కలిపినా చాలని కస్టమర్లు. ఆ వెనకే వచ్చిన విండోస్ 10 మొబైల్‌కి 2020 జనవరి నాటికి సపోర్ట్ కూడా ఆగిపోయింది.

బ్లాక్‌బెర్రీ మరో అడుగు ముందుకేసింది. తన కొత్త ఓఎస్ బీబీ10 కోసం రాసిన యాప్ నాణ్యత పరీక్ష దాటి, ఏడాదిలో కనీసం వెయ్యి డాలర్లు సంపాదిస్తే, పదివేలకు తగ్గినంతా తానే ఇస్తానంది. ఆశ పుట్టించే మాటే. కానీ దుకాణం యజమాని ఎదురు డబ్బిచ్చి సరుకు పెట్టమంటున్నాడంటే, కొనేవాళ్లు ఇంకా రాలేదని అర్థం.

ఆగాలనేవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌ని చూపిస్తారు. 2010 అక్టోబరులో ఐఫోన్‌లో మొదలై, ఆండ్రాయిడ్‌కి 2012 ఏప్రిల్‌లో గానీ రాలేదు. వచ్చిన మొదటి రోజే పది లక్షల డౌన్‌లోడ్‌లు దాటింది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టే ఉంది గానీ, అప్పటికే దానికి పేరుంది. పేరులేని యాప్ ఏడాదిన్నర కనపడకపోతే ఎదురుచూసేది ఎవరు?

వాట్సాప్ దీనికి పూర్తిగా ఎదురు. నోకియా ఎస్40 లాంటి చిన్న ఫోన్లలోకీ వెళ్లింది. వెళ్లక తప్పదు, అవతలివాడి ఫోన్‌లో లేకపోతే ఇవతలివాడికీ అది పనికిరాదు. నా లెక్కలో అసలు తేడా ఇక్కడే ఉంది. ధరల యాప్‌కి ఆ బెడద లేదు, ఒక్కడు చూసుకున్నా పనౌతుంది. అదే కమిషన్ ఏజెంటు రైతుకు పట్టీ (సరుకు అమ్మిన లెక్కల చీటీ) పంపే యాప్ అనుకోండి, రైతు చేతిలో ఏ ఫోన్ ఉంటే అక్కడికి మనమే పోవాలి.

2017లో జియోఫోన్ వచ్చినప్పుడు ఆగడం తప్పయ్యేది అలాంటి యాప్‌కే. 1,500 రూపాయల డిపాజిట్‌కి పల్లెల్లోకి వెళ్లగలిగిన ఫోన్ అది. వాట్సాప్ దాంట్లోకి వచ్చింది 2018లో. అందులోని ఓఎస్ పేరు కైఓఎస్, దాని యాప్‌లు వెబ్ కోడ్‌తోనే రాస్తారు, కాబట్టి మనకు వెబ్ పేజీ ఉంటే ఆ పనిలో చాలావరకు పనికొస్తుంది. కష్టమంతా తెరతోనే. 2.4 అంగుళాలు, టచ్ లేదు. ధరల యాప్‌లోలాగా రకం, కనిష్ఠం, గరిష్ఠం, బస్తాలు అంటూ నిలువు వరసలు పెడితే అక్షరం కనపడదు. తెరకి ఒకే రకం, పెద్ద అంకెల్లో ధర, కింది బటన్ నొక్కితే తర్వాతి రకం. ఖర్చు ఈ మార్పుకే.

ఇప్పటి సంగతికొస్తే, ఫోన్‌పే 2024 ఫిబ్రవరిలో తెచ్చిన ఇండస్ యాప్‌స్టోర్‌ని కొత్త ప్లాట్‌ఫామ్ అనుకుని తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. అది కొత్త కొట్టు, అంతే. అదే ఆండ్రాయిడ్ ఫైల్, పైగా తెలుగులో వివరాలు పెట్టుకోవచ్చు. ఇవాళే పెట్టేయండి. హువావే హార్మొనీ ఓఎస్ నెక్స్ట్ వేరే కథ, ఆండ్రాయిడ్ యాప్‌లు నేరుగా నడవవు, అంతా మళ్లీ రాయాలి. మన తేజ చైనాకి బాగానే వెళ్తుంది నిజమే, కానీ అక్కడి కొనుగోలుదారు రేటు కోసం మన యాప్ తెరవడు, ఇక్కడి ఎగుమతిదారుకి మెసేజ్ పెడతాడు. దానికి నా ఓటు లేదు.

ఎప్పుడు దిగాలో తేలకపోతే విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు వెళ్లి, ఆ కొత్త ఫోన్ డిస్‌ప్లే ఉందేమో ఫోన్ రిపేర్ కొట్లలో అడగండి. షోరూంలో బోర్డు కంపెనీవాళ్లు డబ్బిస్తే పెడతారు. రిపేరువాడు మాత్రం పగిలిన ఫోన్లు వస్తేనే ఆ మోడల్ డిస్‌ప్లే తెచ్చి పెట్టుకుంటాడు. ధరల యాప్ వాళ్లు అప్పటిదాకా మొబైల్‌లో తెరుచుకునే వెబ్ పేజీతో నెట్టుకురావచ్చు. పట్టీ యాప్ వాళ్లు అంతవరకు ఆగకూడదు.

ఆగుదామనుకున్నా డెవలపర్ అకౌంటు మాత్రం ముందే తెరిచి పెట్టుకోండి. గూగుల్ ప్లేలోనే చూడండి, 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంటైతే 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు నడిపాకే యాప్ విడుదలకు దరఖాస్తు చేయనిస్తారు. కొత్త పంట యార్డుకి పోటెత్తే ఫిబ్రవరి, మార్చిలో ఆ రెండు వారాలు పోతే ఆ సీజన్ పోయినట్టే.