తిరుపతిలో చేత్తో కట్టిన ఆంప్లిఫయర్ కొన్నవాళ్ళు, దయచేసి ఒకసారి మూత విప్పి చూడండి

మొన్న ఆదివారం సాయంత్రం కొర్లగుంటలో మా ఇంట్లో ఆంప్లిఫయర్‌లోంచి పొగ వచ్చింది. పక్కనే కూర్చుని మా పాప హోంవర్క్ రాసుకుంటోంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ దాన్ని కట్టి అమ్మిన మనిషి దగ్గరే మన ఊళ్ళో ఇంకొందరు కొన్నారు, అందుకే రాస్తున్నా.

రెండు నెలల కిందట ఇంట్లోనే ఆంప్‌లు కట్టి అమ్మే ఒకాయన దగ్గర 6,500 ఇచ్చి తీసుకున్నా. ఇనుప డబ్బా, మధ్య తీగకు (సెంటర్ ట్యాప్) అటూ ఇటూ 12 వోల్టులిచ్చే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, శబ్దాన్ని పెంచే రెండు టీడీఏ2030 ఐసీలు, బాస్, ట్రెబుల్ సర్దే టోన్ బోర్డుకు నిలకడగా ప్లస్ 12 ఇచ్చే 7812, మైనస్ 12 ఇచ్చే 7912 రెగ్యులేటర్లు. ఫోన్ పెడితే బాగా పాడేది. కంప్యూటర్‌కు కలిపితే మాత్రం వెంటనే ఫ్యూజు పోయేది. ఇట్లా మూడుసార్లు అయింది. తీసుకుపోతే, "మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదు సార్, నేను చూసుకుంటాలే" అన్నాడు. రెండు రోజుల్లో తిరిగిచ్చాడు. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు. నేనూ నమ్మేశాను.

ఆదివారం తుడుస్తూ ఆంప్‌ను కొంచెం జరిపాను. దాని మూల కంప్యూటర్ డబ్బాకు తగిలింది. టప్‌మని నిప్పురవ్వ, ఆడియో వైరు కరిగిన వాసన, ఆ వెంటనే పొగ. ప్లగ్గు లాగేసి, చల్లారాక విప్పి చూశా.

7812, 7912 రెండూ వేడి లాగే ఒకే లోహపు పలక (హీట్‌సింక్) మీద, మధ్యలో కరెంటు దాటనివ్వని మైకా రేకు లేకుండా బిగించాడు. ఆ హీట్‌సింక్‌ను నేరుగా డబ్బాకు స్క్రూ వేశాడు. ఈ రెండు రెగ్యులేటర్లు చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ కాళ్ళ వరుస వేరు. 7812లో ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. వెనక ఉండే రేకు నడిమి కాలికి కలిసి ఉంటుంది కాబట్టి 7812 రేకు గ్రౌండే, 7912 రేకు మాత్రం మైనస్ ఇన్‌పుట్. మా దాంట్లో 7812కు వేరే ప్లాస్టిక్ పొర ఉంది, 7912కు అదీ లేదు. అంటే ఇన్నాళ్ళూ మా డబ్బా మొత్తం మైనస్ 17 వోల్టుల మీద కూర్చుంది. ఎర్త్ ఉన్న కంప్యూటర్ తగిలిస్తే ఆ వోల్టేజి ఎర్త్ మీదుగా తిరిగి ఆడియో వైరు చుట్టూ ఉండే గ్రౌండ్ జాలిలోకి వచ్చి షార్ట్ అవుతోంది. ఫోన్‌కు ఎర్త్ లేదు కాబట్టి దాంతో ఏమీ కాలేదు.

ఆయన చేసిన రిపేరు ఏమిటో తెలుసా? ఎర్త్ వైరు లోపల కత్తిరించి టేపు చుట్టాడు. ఫ్యూజు బదులు రాగి తీగ పెట్టాడు. నాకు కడుపు మండింది ఇక్కడే. మైకా లేకపోవడం పొరపాటు అనుకోవచ్చు. ఇనుప డబ్బాకు ఎర్త్ తీసేయడం పొరపాటు కాదు. లోపల 230 వోల్టుల ఫేజు వైరు ఊడి డబ్బాకు తగిలితే, ముట్టుకున్న చెయ్యే దానికి దారి.

గ్రౌండ్ వైరింగ్ కూడా తప్పే. మొదటి రోజు నుంచీ స్పీకర్‌లో సన్నగా జుయ్‌మనేది. ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జి నుంచి, దాన్ని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు కరెంటు నిరంతరంగా తీసుకోవు. సెకనుకు 100 సార్లు, ఒక్కొక్క క్షణం మాత్రం గబుక్కున లాగుతాయి. సెంటర్ ట్యాప్‌కూ కెపాసిటర్లకూ మధ్య ఉన్న వైరులో 5 ఆంపియర్ల పోటు వస్తే, ఆ వైరు నిరోధం ఓమ్‌లో వందో వంతే అయినా 50 మిల్లీవోల్టులు పుడతాయి. ఆయన రెగ్యులేటర్ గ్రౌండ్‌నూ, ఇన్‌పుట్ సాకెట్ గ్రౌండ్‌నూ ఆ వైరు మీదనే తలోచోట అతికించాడు. ఆ పోటంతా పాటలో కలిసిపోతుంది. రెండు కెపాసిటర్లు కలిసే బిందువు నుంచి ఒక్క వైరు అవతలికి తెచ్చి, రెగ్యులేటర్లు, సాకెట్లు, స్పీకర్ తిరుగు వైర్లు అన్నీ అక్కడికి విడివిడిగా రావాలి. డబ్బాకు కూడా ఆ ఒక్క చోటే కలపాలి.

సాయంత్రం వోల్టేజి 190కి పడ్డప్పుడు జుయ్ ఎందుకు పెరిగేదో ఇప్పుడు అర్థమైంది. అప్పుడు 7812కు అందేది 13 వోల్టులే, దానికి 14 అన్నా కావాలి. టోన్ బోర్డుకు విడిగా చిన్న 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ అడగండి. దాన్ని మాత్రం టీడీఏ2030లకు ఇవ్వనీయకండి, వాటి పరిమితి ప్లస్ మైనస్ 18 వోల్టులు, డీసీగా మారాక ఇది అంతకు మించుతుంది.

మీ ఆంప్‌ను ప్లగ్గు తీసి, పావుగంట ఆగి, కెపాసిటర్ల మీద వోల్టేజి లేదని చూసుకుని విప్పండి. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి త్రీపిన్ ప్లగ్గు పెద్ద పిన్నుకూ డబ్బా ఇనుముకూ పెడితే మోగాలి. 7912 రేకుకూ డబ్బాకూ పెడితే మోగకూడదు. మైకాతో పాటు స్క్రూకు ప్లాస్టిక్ బుష్ కూడా ఉండాలి, అది లేకపోతే స్క్రూయే షార్ట్ చేస్తుంది. ఫ్యూజు హోల్డర్ విప్పి లోపల గాజు ఫ్యూజే ఉందా చూడండి.

డబ్బులు అడిగితే, వాడకంలో పోయిందన్నాడు. పోనీ, డబ్బుల సంగతి వదిలేశా. మా వీధి భజన మందిరానికి, ఎదురు సందులో ఒకరింటికి ఆయనే ఇట్లాంటివి కట్టిచ్చాడని నిన్న తెలిసింది. ఇది మీ కంట పడితే, నేను వచ్చి మీటర్ పెట్టి చూసేదాకా ఆ ప్లగ్గులు తీసే ఉంచండి.