హంపిలో తుంగభద్ర ఒడ్డున నడక: పిల్లలతో, పెద్దవాళ్లతో

హంపి బజారు చివర్నుంచి విఠలాలయం దాకా తుంగభద్ర ఒడ్డు వెంబడి ఒక కాలిదారి ఉంది. సుమారు రెండు కిలోమీటర్లు. హంపిలో ఇంకేది చూసినా చూడకపోయినా కుటుంబంతో వెళ్లేవాళ్లు ఈ దారి మాత్రం వదలొద్దు. ఆటో మాట్లాడుకుని ఒక్క రోజులో ఇరవై చోట్లు తిరిగితే పిల్లలకు గుర్తుండేది ఎండ ఒక్కటే. నది పక్కన నడిస్తే రాయల కాలం వాళ్ల కళ్లకు కడుతుంది.

మా బృందంలో ఐదో తరగతి చదివే అమ్మాయి, ఇంకా చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మ, మావారు, నేను. అందరూ అన్నీ నడవలేరు కాబట్టి ఎవరికి ఏ దారి అన్నది ముందే పంచుకున్నాం. ఇలాంటి ప్రయాణంలో అసలు పని అదే.

పొద్దున్నే విరూపాక్షుడి దర్శనం చేసుకుని బయల్దేరాం. బజారు వీధి చివర ఏకశిలా నంది ఉంటుంది. అక్కడికి చేరేముందే ఎడమకు తిరిగితే నది దారి. మొదట్లోనే పెద్ద పెద్ద బండల సందులోంచి వెళ్లాలి. బాబుకి ఎక్కడలేని హుషారొచ్చింది. "ఈ రాళ్లను ఇలా ఎవరు పేర్చారమ్మా?" అని అమ్మాయి అడిగింది. ఎవరూ పేర్చలేదు. ఇదంతా చాలా పాత గ్రానైటు. దానిలో పడిన పగుళ్ల వెంట నీళ్లు దిగి, ఎండకీ వానకీ అంచులు అరిగి గుండ్రబడ్డాయి, మధ్యలోని మెత్తబడ్డ భాగం కొట్టుకుపోయింది. మనకిప్పుడు పేర్చినట్టు కనిపించే బండలు చాలావరకు ఉన్నచోటనే అలా తేలినవి. ఇది చెప్పాక దారి పొడవునా ఏ బండ ఏ బండ నుంచి విడిపోయిందో వెతకడమే వాళ్లకి ఆట అయిపోయింది.

కాస్త ముందుకెళ్తే చక్రతీర్థం. నది ఇక్కడ ఇరుకై మెలి తిరుగుతుంది. ఒడ్డునే కోదండరామాలయం, దాని వెనక కొంచెం ఎత్తులో యంత్రోద్ధారక ఆంజనేయుడు. స్వామి ఇక్కడ పద్మాసనంలో, రాతి మీద చెక్కిన పూజా యంత్రం మధ్యలో కూర్చుని ఉంటాడు. మధ్వ గురువు వ్యాసరాయలు ప్రతిష్ఠించారని చెబుతారు. ఎగరబోతున్న హనుమంతుణ్ణే చూసిన పిల్లలకు ఈ కూర్చున్న స్వామి కొత్త. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇక్కడ నీళ్లలో దిగొద్దు. సుడులుంటాయి. మొసళ్లున్నాయని హెచ్చరిక బోర్డులు కూడా ఉన్నాయి. "గంగా స్నానం, తుంగా పానం" అన్న పెద్దల మాట తలుచుకుని ఇక్కడ స్నానం ఊసే మానుకోవడం మంచిది. పానం కూడా ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలోదే.

తర్వాత కుడివైపు ఒక చీలిక అచ్యుతరాయ ఆలయానికి వెళ్తుంది. అటూ ఇటూ కలిపి ఓ గంట అదనం. జనం తక్కువ, పొడవాటి రాతి మండపాల వరస, చివర ఆలయం. విఠలాలయం అంత పేరు లేదు గానీ నాకు ఇదే ఎక్కువ నచ్చింది. చిన్నపిల్లలతో మాత్రం రెండూ ఒకే పూట పెట్టుకోవద్దు. మేం దాన్ని మర్నాటికి వాయిదా వేశాం.

మళ్లీ నది దారిలోకి వస్తే సుగ్రీవ గుహ, దాటాక నీటి అంచున పురందర మండపం. సంగీతం నేర్చుకునే పిల్లలెవరైనా ఉంటే ఇక్కడ కాసేపు కూర్చోబెట్టండి. మన ఇళ్లలో పిల్లలు మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెట్టే పద్ధతిని ఏర్పరచింది పురందరదాసే అంటారు. ఆయన కూర్చుని పాడుకున్న చోటుగా దీన్ని చూపిస్తారు. మా అమ్మాయి మండపంలో రెండు సరళీ వరసలు పాడింది. పక్కనున్న కన్నడ కుటుంబంలోని అమ్మాయి కూడా గొంతు కలిపింది.

ఇక్కడే తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. ఎగువన హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం గేట్లు ఎక్కువగా ఎత్తితే ఈ మండపం మునిగిపోతుంది. నది దారిలో పల్లపు భాగాలు కూడా నడవడానికి పనికిరావు, పుట్టీలు (బుట్టల్లాంటి గుండ్రటి పడవలు) ఆపేస్తారు. అందుకే జూలై నుంచి అక్టోబరు దాకా వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు డ్యాం నుంచి ఎంత నీరు వదులుతున్నారో వార్తల్లో చూసుకోవాలి. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువనున్నవాళ్లు ఎంత కంగారుపడ్డారో మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది. నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య బాగుంటుంది. మార్చి దాటితే బండలు కాలి, పదింటికే నడవలేం.

రాజుల తులాభారపు రాతి కమాను దాటితే విఠలాలయం. రాతి రథం చూడగానే మా బాబు నా పర్సు లాక్కుని యాభై రూపాయల నోటు బయటికి తీశాడు. కొత్త నోటు వెనక ఉన్నది ఈ రథమే. పొద్దున్నే నడక మొదలుపెడితే గుడి తెరిచే వేళకి చేరుకుని, బస్సుల జనం రాకముందే చూసేయొచ్చు. ఇక్కడ కొన్న టికెట్టుతోనే అదే రోజు లోటస్ మహల్ ఉన్న జనానా ప్రాంగణం కూడా చూడొచ్చు. పారేయకుండా దాచుకోండి.

తిరిగి నడవక్కర్లేదు. గుడి నుంచి వాహనాలు నిలిపే చోటికి బ్యాటరీ బండ్లు నడుస్తాయి, అక్కణ్ణుంచి ఆటో దొరుకుతుంది. అత్తమ్మ అలాగే ఆటోలో, బ్యాటరీ బండిలో ఎదురు వచ్చి మమ్మల్ని గుడి దగ్గర కలుసుకున్నారు. నడవలేని పెద్దవాళ్లని గదిలో వదిలేయకుండా ఇలా అవతలి కొసకు రప్పించుకోవడం నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు. బండి కోసం వరసలో నిలబడాల్సి రావొచ్చు, మధ్యాహ్నానికి వరస పెరుగుతుంది. దారి మధ్యలో మరుగుదొడ్డి కనబడలేదు. బయల్దేరేముందే బజారు వైపు చూసుకుని రావాలి.

కొండల విషయంలో మతంగ పర్వతం మీద సూర్యోదయం గురించి అందరూ ఊరిస్తారు. పైన కనిపించేది నిజంగానే అద్భుతం. కానీ చీకట్లో ఎక్కాలి, కొన్నిచోట్ల మెట్లు పోయి బండలే ఉంటాయి. పదేళ్ల లోపు పిల్లలతో నేనైతే వద్దంటాను. మావారు, అమ్మాయి వెళ్లొచ్చారు. అత్తమ్మ, బాబు, నేను సాయంత్రం హేమకూటం ఎక్కాం. వాలు తక్కువ, చదునైన బండ, చిన్న చిన్న గుళ్లు, కింద విరూపాక్ష గోపురం. అత్తమ్మ అక్కడక్కడా ఆగుతూ ఎక్కేశారు. అదీ కష్టమైతే మాల్యవంతం ఉంది. రఘునాథాలయం దాకా బండి వెళ్తుంది, రామాయణ పారాయణ వినబడుతూ ఉంటుంది.

పుట్టీ షికారు గురించి రెండు మాటలు. వెదురు బుట్ట లాంటి ఈ పుట్టీలో కూర్చుంటే పిల్లలకి పండగే. కోటిలింగాల దగ్గర బండ మీద చెక్కిన లింగాల వరసలు నీటి మీంచే బాగా కనిపిస్తాయి. ఎక్కేముందు ధర తేల్చుకోవాలి, లైఫ్ జాకెట్ చూసుకోవాలి. ఒక రేవులో పిల్లల సైజు జాకెట్ లేదని, పెద్దది కట్టి సర్దేస్తామన్నారు. దిగి వచ్చేశాం. పిల్లల కొలతకు సరిపోనిది ఉన్నా లేనట్టే. మరో చోట సరైనది దొరికాకే ఎక్కాం.

ఇక ఆవలి ఒడ్డు. ఆనెగొంది హంపి కంటే పాత ఊరు, ఇప్పటికీ పల్లెలాగే ఉంది. వరిపొలాలు, అరటి తోటలు, మధ్యలో కాలువ గట్టు, వెనక బండల గుట్టలు. చూడాల్సినవి వరసగా పెట్టుకునే హడావిడి లేక పొద్దున, సాయంత్రం ఊరికే నడిచాం. చదునైన దారి కాబట్టి అత్తమ్మ కూడా వచ్చారు. ఊళ్లో అరటి నారతో సంచులు, బుట్టలు అల్లే ఆడవాళ్లు పిల్లలకి నార పేనడం చూపించారు. ఈ నదిలో ముద్లాపురం నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్లు నీటికుక్కల సంరక్షణ ప్రాంతం, 2015లో ప్రకటించారు. మాకు అవి కనబడలేదు. వాటికోసం నీళ్లకేసి చూస్తూ పిల్లలు అల్లరి మానేసి కూర్చోవడం మాత్రం చూశాను.

ఆవలి ఒడ్డునే, హనుమంతుడు పుట్టిన చోటని చెప్పే అంజనాద్రి కొండకు దాదాపు 575 మెట్లు. అమ్మాయి సునాయాసంగా ఎక్కింది, బాబుని సగం దూరం ఎత్తుకోవాల్సి వచ్చింది. ఎండ ఎక్కకముందే వెళ్లాలి. శని, మంగళవారాల్లో రద్దీ ఎక్కువ. అత్తమ్మ ఆ పూట పంపా సరోవరం దగ్గర ఉండిపోయారు.

బస ఎక్కడన్నది చాలామంది అడిగే ప్రశ్న. మూడు రకాలున్నాయి. హంపి ఊళ్లోనే చిన్న హోమ్‌స్టేలు ఉంటాయి. గుడికి, నదికి అడుగు దూరం, కానీ గదులు ఇరుకు, మెట్లు నిటారు. మేం ఒకచోట పెద్దావిడ కోసం కింది గది కావాలని ముందే చెప్పి బుక్ చేస్తే, తీరా వెళ్లాక పై అంతస్తు ఇచ్చారు. వేడినీళ్లు రోజంతా అన్నవాళ్లు పొద్దున గంటసేపే ఇచ్చారు. ఒక రాత్రి ఉండి మారిపోయాం. కింది గది ఫోటో ముందే తెప్పించుకోండి. కమలాపురంలో కర్ణాటక పర్యాటక సంస్థ వారి మయూర భువనేశ్వరి ఉంది, ఇతర హోటళ్లూ ఉన్నాయి. కారు పెట్టుకోవడానికి, పెద్దవాళ్లకి అనుకూలం. నదికి మాత్రం ప్రతిసారీ బండి కావాలి. మూడోది ఆనెగొంది వైపు. పల్లె కావాలంటే అదే, నా ఓటు దానికే. హంపి రావాలంటే వంతెన మీదుగా చుట్టూ తిరగాలి, ఆ సమయం లెక్కలో వేసుకోవాలి. పాత యాత్రా కథనాల్లో హంపికి ఎదురుగా నది అవతలున్న విరూపాపుర గడ్డెలోని రిసార్టులను తెగ మెచ్చుకుంటారు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో వాటిని తొలగించారు, ఆ పేర్లు పట్టుకుని వెతక్కండి.

మాట ఇబ్బంది లేదు. హొసపేట, హంపి ఆటోవాళ్లలో చాలామందికి తెలుగు వచ్చు. గైడు కావాలంటే పర్యాటక శాఖ గుర్తింపు కార్డు అడిగి చూడండి. నది దారి మొత్తానికి గైడు అక్కర్లేదు, విఠలాలయంలో మాత్రం పెట్టుకుంటే శిల్పాలు అర్థమవుతాయి. రైల్లో వచ్చేవాళ్లు హొసపేటలో దిగాలి. గుంతకల్లు, బళ్లారి మీదుగా బళ్లున్నాయి. అక్కణ్ణుంచి హంపి 13 కిలోమీటర్లు.

కమలాపురంలోని పురావస్తు మ్యూజియాన్ని చివరి రోజుకి పెట్టుకోండి. లోపల హంపి మొత్తాన్ని చిన్నగా చేసి పెట్టిన నమూనా ఉంది. నడిచాక చూస్తే పిల్లలు ఏ మలుపు ఎక్కడో వేలు పెట్టి చూపిస్తారు, ముందే చూస్తే అదొక బొమ్మ మాత్రమే. శుక్రవారం మ్యూజియానికి సెలవు.