పనిచేసే చేతికి ఏ జపమాల? గొలుసుదా, ఉంగరమా, ముడులదా?

సెప్టెంబరు 8 మరియమ్మ పుట్టిన పండుగ మొదలు అక్టోబరు జపమాల నెల దాటేదాకా కడప కతోలిక గుడుల దగ్గర అంగళ్లలో జపమాలలు కుప్పలుగా ఉంటాయి. ఇంట్లో పీఠం దగ్గర తగిలించడానికైతే ఏదైనా సరే. బండల పాలిష్ దగ్గరో, సిమెంటు ఫ్యాక్టరీలోనో పనిచేసేవాళ్ల జేబులో ఉండాల్సినదైతే చూసి కొనాలి.

ముందు పూసలు లెక్కపెట్టండి. మొత్తం 59 ఉండాలి: మరియమ్మకి చెప్పే మంగళవార్త జపానికి 53, యేసు నేర్పిన పరలోక జపానికి 6. మంగళవార్త పూసలు పదేసి వరుసలుగా ఉంటాయి, ఒక్కో వరుసని ‘పది’ అంటారు. చవక రకాల్లో ఒక పదిలో 9, ఇంకో పదిలో 11 పడినవీ ఉంటాయి. వేళ్లతోనే లెక్క నడిపేవాళ్లకి అక్కడే తప్పిపోతుంది.

గొలుసు రకం చూడ్డానికి బాగుంటుంది. తెగేది ఎక్కువగా పాయలు కలిసే మరియమ్మ పతకం దగ్గరే. అక్కడి చిన్న రింగు కొసలు కలిసీ కలవకుండా ఉంటాయి, జేబులో తాళంచెవికి తగులుకుంటే విచ్చుకుంటుంది. కొసల మధ్య గోరు దూరితే ఆ మాల వదిలేయండి. కొనేసి ఉంటే నోస్ ప్లయర్‌తో కొసలను పక్కకి తిప్పి తెరిచి, అలాగే తిప్పి మూయాలి. వెడల్పుగా లాగితే రింగు గుండ్రం పోయి మళ్లీ కుదరదు. చెమటకి పైపూత నల్లబడటం మామూలే.

ఉంగరానికి 10 బొడిపెలు, ఒక సిలువ. బస్సులో, ఆఫీసులో దీనికి మించింది లేదు. ఒక పది 3-4 నిమిషాల్లో అయిపోతుంది. తిరిగే మిషన్ దగ్గర మాత్రం వద్దే వద్దు, వేలు పోతుంది. మెడలో మాలైనా అంతే, తీసి పెట్టాకే స్విచ్ వేయాలి.

మిషన్ పనివాళ్లకి నైలాన్ తాడు ముడుల మాలే సరి. బండల దుమ్ము పట్టినా సబ్బుతో ఉతికేయొచ్చు. తాడు కొసలు కాల్చి అతికించి ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే పీచులు లేస్తాయి. దీని లోపం ఒకటుంది: చిన్న ముడికీ పెద్ద ముడికీ తేడా తక్కువ. పరలోక జపం ముడికి రెండు పక్కలా ఖాళీ తాడు వదిలినదే ఎంచుకోండి.

మాలతో ఇచ్చే కాగితం కూడా చూడాలి. ఏ రోజు ఏ దేవరహస్యాలు, అంటే జపిస్తూ తలచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు, చెప్పాలో అందులో ఉంటుంది. పాత అచ్చులో గురువారానికి సంతోష దేవరహస్యాలు, శనివారానికి మహిమ దేవరహస్యాలు ఉంటాయి. 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలు చేర్చాక గురువారం వాటిది, శనివారం సంతోషానిది. ఉదయం 6కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 6కి చెప్పే త్రికాల జపం కూడా అందులో ఉంటే మంచిదే. రెండు నిమిషాల పని, ఫోన్‌లో అలారం పెట్టుకుంటే చాలు.

ఇవన్నీ చూసుకున్నాకే ఫాదర్‌గారితో ఆశీర్వదింపజేసుకోండి. ఆశీర్వదించిన మాలను తిరిగి అమ్మకూడదు, కాబట్టి ఆ తర్వాత మార్చుకోవడం కుదరదు. తెగి పనికిరాకుండా పోతే చెత్తలో వేయకుండా కాల్చడమో పూడ్చడమో చేయాలి. నైలాన్‌ది కాలిస్తే కంపు, పూడ్చేయండి.