తాళం తీశాక పెరిగే అంకె: ఈజీటీ గేజ్‌తో ఆరేళ్ళు

నా వాహనం 2.5 లీటర్ల టర్బో డీజిల్, ఏడు సీట్లది. ఏడాదికి ఐదారుసార్లు విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కుతుంది, అదీ చాలాసార్లు నిండా మనుషులతో, పైన కారియర్ నిండా సామానుతో. టర్బో (పొగ వాయువుల ఊపుతో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం) వేడికి పాడవుతుందేమోనన్న బెంగతో ఆరేళ్ళ కిందట పొగగొట్టపు వాయువుల ఉష్ణోగ్రత చూపే ఈజీటీ గేజ్ పెట్టించాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఇంజన్ ఆపిన తరువాతి సంగతులే ఉంటాయి, ఎందుకంటే ఈ పరికరం నన్ను తికమకపెట్టిందీ, చివరికి బాగా అక్కరకు వచ్చిందీ అక్కడే.

వేడిని పసిగట్టే కడ్డీని, అంటే ప్రోబ్‌ను, టర్బోకు ముందే, ఇంజన్ నుంచి పొగ వాయువులు బయటికి వచ్చే మానిఫోల్డ్ గొట్టానికి రంధ్రం వేయించి బిగించాను. అది కె రకం థర్మోకపుల్: క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు మిశ్రమ లోహాల తీగలు కలిసే కొన వేడెక్కితే డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టుల చొప్పున వోల్టేజీ పుడుతుంది. 600 డిగ్రీల దగ్గర కూడా అది 25 మిల్లీవోల్టుల లోపే. ఇంత స్వల్పమైన సంకేతం కాబట్టి వైరింగ్‌లో చిన్న తప్పు కూడా పెద్ద అబద్ధం చెప్పిస్తుంది. ఆ కథకు తరువాత వస్తాను.

మొదట కొన్నది ముల్లున్న గేజ్. తాళం తీయగానే దానికి కరెంటు ఆగిపోయేది, కానీ ముల్లు సున్నాకు రాకుండా ఉన్నచోటే నిలిచిపోయేది. తెల్లవారి చల్లటి ఇంజన్ మీద 250 డిగ్రీలు చూపుతున్న ముల్లును చూసి, రాత్రి ఎవరైనా బండి తీసుకెళ్ళారా అని మా నాన్నగారు అడిగిన రోజు ఉంది. అది పాడైపోవడం కాదు, వెనక్కి లాగే స్ప్రింగు లేని ముల్లు అలాగే ప్రవర్తిస్తుంది. అయినా ఆపిన తరువాత ఏం జరుగుతున్నదో తెలియడం లేదన్న అసంతృప్తితో రెండో ఏడాది అంకెల గేజ్‌కు మారాను. ఇది తాళం తీశాక కూడా ఐదు నిమిషాలు వెలుగుతూనే ఉంటుంది.

అప్పుడే అసలు విషయం కనబడింది. ఘాట్ ఎక్కి గాలికొండ దగ్గర కాఫీకి ఆగేటప్పుడు గేజ్ 520 ప్రాంతంలో ఉంటుంది. ఐడిల్‌లో, అంటే బండి నిలిపి ఇంజన్‌ను ఊరికే నడవనిస్తూ, ఒక నిమిషం ఉంచితే 190కి దిగుతుంది. సరేనని ఆపేస్తే, అంకె తగ్గడం మానేసి పైకి పోతుంది: 210, 230, ఒక్కోసారి 260 కూడా. రెండు మూడు నిమిషాలు అక్కడక్కడే తచ్చాడి, ఆ తరువాత నింపాదిగా దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎక్కడో ఏదో అంటుకుందేమోనని బానెట్ ఎత్తి చూశాను కూడా.

కారణం సులువే. ఐడిల్‌లో డీజిల్ ఇంజన్ కాల్చే ఇంధనం కొంచెం, పీల్చే గాలి ఎక్కువ. అందుచేత వచ్చే వాయువు చల్లగా ఉండి, ప్రోబ్ కొనను చల్లబరుస్తూ ఉంటుంది. పోత ఇనుప మానిఫోల్డ్ మాత్రం అంత త్వరగా వేడిని వదలదు. ఇంజన్ ఆగగానే ఆ గాలి ప్రవాహం ఆగి, చుట్టూ ఉన్న ఇనుము వేడి ప్రోబ్‌కు ఎక్కుతుంది. అంటే తాళం తీసిన తరువాత ఆ అంకె చెప్పేది వాయువు ఉష్ణోగ్రతను కాదు, లోహంలో మిగిలిన వేడిని. ఐడిల్ చేయకుండా నేరుగా ఆపితే ఇందుకు తలకిందులుగా జరుగుతుంది: పది సెకన్లలో అంకె గబగబా పడిపోయి, ఇనుము ఉన్న వేడి దగ్గరకు వచ్చి నెమ్మదిస్తుంది. చూడటానికి చల్లబడినట్టే ఉంటుంది గాని, కదలిక లేని నూనె టర్బో బేరింగుల్లో మాడి మసి కట్టే ప్రమాదం ఆ స్థితిలోనే ఎక్కువ.

అందుకే ఇప్పుడు నేను ఆపేముందు అంకెను గాక, ఆపాక అది ఎంత ఎగిసిందన్నది చూసుకుంటున్నాను. ముప్ఫై డిగ్రీల లోపు ఎగిస్తే ఐడిల్ సరిపోయినట్టు; డెబ్బై దాటితే తరువాతిసారి ఇంకో నిమిషం ఆగాలి. ఈ కొలత నా బండికి నేను కట్టుకున్నది, అన్నిటికీ వర్తిస్తుందని అనను. దీనివల్ల మరో లాభం కూడా కలిగింది: అరకు ఊళ్ళోకి మెల్లగా వచ్చి ఆపినప్పుడు ఎగువ కదలిక దాదాపు ఉండదు కాబట్టి, ప్రతిచోటా అలవాటుగా ఐడిల్ చేస్తూ డీజిల్ కాల్చడం మానేశాను. వాలు దిగుతూ ఆపేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఇంధనం ఆగి వట్టి గాలి పోతుండటం వల్ల 140 కనిపిస్తుంది, ఇనుము మాత్రం వేడిగానే ఉంటుంది.

ఇక వైరింగ్ కథ. మూడో ఏట తీగ తెగితే ఒక దుకాణంలో మామూలు రాగి తీగతో, ఇంజన్ పక్కనే అతుకు వేశారు. అప్పటి నుంచి ఆపాక వచ్చే ఎగువ కదలిక మాయమైంది. థర్మోకపుల్ కొలిచేది కొనకూ, ఆ తీగలు ముగిసే చోటుకూ మధ్య తేడానే; అవి తన దగ్గరే ముగుస్తాయనుకుని గేజ్ దానికి తన ఉష్ణోగ్రతను కలుపుతుంది. రాగి అతుకుతో అవి ఇంజన్ పక్కనే ముగిసిపోయాయి. అతుకు 80 డిగ్రీల్లో, గేజ్ 30 డిగ్రీల్లో ఉంటే ఆ 50 డిగ్రీల తేడా అంకెలో తక్కువ పడుతుంది. పైగా ఇంజన్ ఆగాక ఫ్యాను లేక బానెట్ కింద వేడి పెరిగి, సరిగ్గా మనం చూసే వేళకే ఆ తప్పు పెద్దదవుతుంది. కె రకం తీగనే గేజ్ దాకా తెప్పించి వేయించాక గాని లెక్క కుదరలేదు.

ప్రోబ్ ఐదో ఏట ఒకసారి మార్చాను. కొత్తది కాస్త లావు తొడుగుది కావడంతో నడిచేటప్పుడు మెల్లగా స్పందిస్తున్నది. రాత్రిపూట అంకెల వెలుగు కంటికి గుచ్చుకుంటుంది, తగ్గించే బటన్ లేదు. ఐదు నిమిషాల గడువును పదికి పెంచుకునే వీలు కూడా ఉంటే బాగుండేది, ఎందుకంటే గాలికొండలో కాఫీ తాగి వచ్చేసరికి తెర ఎప్పుడూ ఆరిపోయే ఉంటుంది.