పెళ్లి కానుకని కొంటే కుస్తీ బొమ్మ వచ్చింది

కావలిలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి. మళ్లీ గోడ గడియారం, డిన్నర్ సెట్టు ఎందుకులే అని నెల్లూరులో మాగుంట లేఅవుట్ వైపు ఉన్న ఒక గిఫ్ట్ షాపులో పాత గ్రీకు కుండల నకళ్లు రెండు కొన్నాను. షాపు పేరు రాయను, అక్కడి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. చిన్నది 1,850, పెద్దది 3,200.

చిన్నది మాత్రం పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. జానెడు కూడా లేని నూనె బుడ్డి. దీని అసలుది క్రీ.పూ. 550-530 మధ్య ఏథెన్స్‌లో తయారైంది, వేసినవాణ్ని అమాసిస్ చిత్రకారుడు అంటారు, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పెళ్లికూతుర్ని బండెక్కించుకుని మగపెళ్లివారింటికి పోతున్న ఊరేగింపు, ఆ పిల్ల మేలిముసుగు అంచు ముందుకి లాగి పట్టుకుని కూర్చుంది, ఇంటి లోపల అత్తగారు కాగడా పట్టుకుని ఎదురుచూస్తోంది. ఆడవాళ్ల ఒళ్లు తెలుపు, మగవాళ్లది నలుపు, అప్పటి పద్ధతి అదే. బండికి గాడిదల్ని కట్టారు, ఒంగోలు గిత్తలు చూసిన కళ్లకి కాస్త వెలితిగానే ఉంటుంది కానీ గీత ఎంత సన్నగా ఉందంటే బండి చక్రం దగ్గరే పది నిమిషాలు ఆగిపోయాను.

ఇంట్లో వాళ్లకి చూపిస్తూ చెప్పుకుంటే పెళ్లి తంతు కూడా మనదానికి దగ్గరగానే ఉంది. గుమ్మం దాటి లోపలికొచ్చిన జంట మీద ఎండు అంజూరాలు, గింజలు పోసేవాళ్లు, మన తలంబ్రాల్లాగా. వేరే కుండల మీద వరుడు వధువు మణికట్టు పట్టుకుని నడిపిస్తుంటాడు, పాణిగ్రహణమే కదా. పెళ్లికూతురి స్నానానికి నీళ్లు తేవడానికి పొడుగు మెడ కుండ ఒకటి ప్రత్యేకంగా ఉండేది. మా అమ్మ వెంటనే "అయితే వాళ్లకీ ఐరేని కుండలున్నట్టే" అంది. పెళ్లికాకుండా పోయినవాళ్ల సమాధి మీద కూడా అదే కుండ పెట్టేవాళ్లన్న సంగతి పెళ్లింట్లో ఎందుకని నేను ఎత్తలేదు.

ఇక పెద్దది. చీటీ మీద 'గ్రీకు వివాహ దృశ్యం' అని ఉంది, షాపులో పాలిథిన్ చుట్టి ఉంటే విప్పకుండానే తెచ్చేశాను, నాదీ తప్పే. ఇంట్లో విప్పితే ఒకడు ఒకమ్మాయి నడుం చుట్టూ రెండు చేతులూ బిగించి పట్టుకున్నాడు, వాడి వంటి మీద పాము, వీపు మీద చిన్న సింహం. పెద్దమ్మ చూసి, "ఏరా, పెళ్లంటివి, వాణ్ని పాము కరస్తా ఉండాదే?" అంది.

అది పీలియస్, థెటిస్‌ల కథ. థెటిస్ సముద్ర దేవత. ఆమెకి పుట్టే కొడుకు తండ్రిని మించిపోతాడని జోస్యం ఉండటంతో దేవుళ్లెవరూ చేసుకోక పీలియస్ అనే మనిషికి ఇచ్చారు. ఆమె నిప్పుగా, నీళ్లుగా, సింహంగా, పాముగా మారుతుంటే వదలకుండా పట్టుకుంటేనే అతనికి పెళ్లి. తర్వాత దేవతలందరూ వచ్చి ఘనంగా చేశారు, పుట్టినవాడు గ్రీకు కథల్లోని వీరుడు అకిలీస్. అంటే పెళ్లికి ముందు జరిగిన గొడవ అన్నమాట. వీళ్ల పెళ్లి బొమ్మే చూడాలంటే ఇటలీలో ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఉన్న ఫ్రాంస్వా కుండ అనే పాత గ్రీకు కుండ మీద ఉంది, దేవతలు వరసగా రథాలెక్కి వస్తుంటారు. 1900లో అక్కడి మ్యూజియం గార్డు కోపంతో స్టూలు విసిరితే అది 638 ముక్కలైందట, మళ్లీ అతికించారు. నా కుండకి చెవి అంచు పెచ్చు లేచిందంతే, అది షాపు ప్యాకింగ్ పుణ్యం.

అసలు విసుగు రంగు దగ్గర. పాత కుండల నలుపు పెయింటు కాదు, ఆ మట్టినే పలచగా చేసి పూసి, ఆవంలో ముందు గాలి వదిలి, తర్వాత గాలి ఆపి, మళ్లీ వదిలి కాల్చితే వచ్చే నలుపు. ఇక్కడ తడి గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడింది. షాపుకి ఫోన్ చేస్తే డబ్బులు ఇవ్వం, వేరే వస్తువు తీసుకోండి అన్నారు, పెళ్లి బొమ్మ ఉన్నది ఇంకొకటి వాళ్ల దగ్గర లేదు.

చిన్నది పెళ్లికి ఇచ్చేశాను, వాళ్లకి బాగా నచ్చింది, దానికి 4 స్టార్లు. పెద్దదానికి 2. కొనేవాళ్లు ముందు పాలిథిన్ విప్పించి నాలుగు వైపులా చూడండి, చీటీని నమ్మొద్దు. మాది ప్రస్తుతం పాము గోడవైపు తిరిగి టీవీ పక్కన ఉంది.